మాగ్నెట్ జనరేటర్ కోసం బంగారం తాకట్టు పెట్టమంటున్నారు, ఏం చేయమంటారు?

ఉత్తరం:

నమస్తే సార్. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. మావారిది మోటార్ వైండింగ్ షాపు, చుట్టుపక్కల ఊళ్ళ బోరు మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఏడాదిన్నర నుంచి ఫోన్లో వీడియోలు చూసి, కరెంటు డీజిల్ ఏమీ లేకుండా మాగ్నెట్లతో దానంతటదే తిరిగే జనరేటర్ చేస్తానని కూర్చున్నారు. ఇప్పటికి లక్షా నలభై వేలు అయిపోయింది. చెక్కకి మాగ్నెట్లు అంటించి ఒక చక్రం చేశారు, అది కొంచెం తిరిగి ఒక చోటికొచ్చి ఆగిపోద్ది, ఇంకొక్క మాగ్నెట్ సరైన యాంగిల్లో పెడితే దాటేస్తుంది అంటారు, ఏడు నెలల నుంచి అదే మాట. ఇంకోటి ఒక హెచ్‌పీ మోటారుకి ఫ్లైవీల్ పెట్టి బెల్టుతో ఆల్టర్నేటర్ తిప్పి, ఆ కరెంటు మళ్ళీ మోటారుకే ఇవ్వాలని చూస్తున్నారు. ఇప్పుడు ఫోన్లో పరిచయమైన ఒకతను 5 కిలోవాట్ల కిట్ రెడీగా ఇస్తా, జిల్లా డీలర్‌షిప్ కూడా ఇస్తా, రెండున్నర లక్షలు కట్టమన్నాడంట. నా బంగారం బ్యాంకులో పెట్టమంటున్నారు. వద్దంటే, నీకేం తెలుసు, భాస్కరాచార్యుడే చేశాడు, పెద్ద పెద్ద కంపెనీలు తొక్కిపెట్టాయి అని కేకలేస్తున్నారు. అసలు అది అయ్యే పనేనా? కాకపోతే ఆయనకి ఎలా చెప్పాలి? ఇద్దరు చిన్నపిల్లలు. మా పేర్లు వేయొద్దు సార్.

సమాధానం:

అమ్మా, ముందు బంగారం సంగతి చెప్పేస్తాను, మిగతాది తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం. పెట్టొద్దు. ఆ కిట్ పనిచేయదు, అది ఈ కంపెనీదా ఆ కంపెనీదా అన్న తేడా లేదు, మాగ్నెట్లతో దానంతటదే తిరుగుతూ ఇంటికి కరెంటిచ్చే మెషీన్ ఈ రోజు వరకు ఎవరూ చేయలేదు, చేయలేరు కూడా. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను, ఇలాంటి మెషీన్లు పట్టుకుని మా లాబ్‌కి వచ్చినవాళ్ళని దగ్గర్నుంచి చూశాను, వాళ్ళలో ఒక్కరు కూడా సోమరులూ కాదు మోసగాళ్ళూ కాదు, అందరూ మీవారిలాగే చేతిలో పనితనం ఉన్నవాళ్ళు. అందుకే ఈ ఉత్తరం చదివి మనసు కష్టమైంది. అడ్వాన్స్ అని ఇప్పటికే ఏమైనా ఆన్‌లైన్లో కట్టి ఉంటే ఇది చదవడం ఆపేసి ముందు 1930 కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి పెట్టిన నంబర్ అది, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఎలా చెప్పాలి అని అడిగారు. మీరు చెప్పొద్దమ్మా. మీరు చెప్తే అది భార్యాభర్తల గొడవ అవుద్ది, పని సంగతి పక్కకి పోద్ది. ఇక్కడి నుంచి కొంత ఆయనకే రాస్తాను, ఇది ఆయన చేతికివ్వండి, చదివినా చదవకపోయినా షాపులో బల్ల మీద పెట్టేయండి.

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. నీ చెక్క చక్రం దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే నీ కష్టమంతా ఆ ఒక్క చోట ఆగిపోయింది. అది ఎట్లా ఉంటుందో నాకు కళ్ళకి కడుతోంది, గుండ్రంగా కోసిన ప్లైవుడ్, అంచు చుట్టూ అరాల్డైట్ పెట్టి ఏటవాలుగా అంటించిన మాగ్నెట్లు, పక్కన స్టాండుకి ఇంకో మాగ్నెట్. చేత్తో దగ్గరికి తేగానే చక్రం ఉలిక్కిపడినట్టు లాక్కుని పరిగెడుతుంది, ఆ లాగడం చూస్తే ఎవడికైనా ఒళ్ళు పులకరిస్తుంది, ఇంత బలం ఊరికే వస్తోంది కదా అనిపిస్తుంది, ముప్పావు వంతు తిరిగి ఒక చోటికి రాగానే అటూ ఇటూ ఊగి ఊగి అక్కడే నిలబడిపోతుంది. నువ్వు ఆ చోటు దాటించడానికి ఇంకో మాగ్నెట్ పెడతావు, అప్పుడు ఆ చోటు దాటి ఇంకోచోట ఆగుతుంది. ఏడు నెలలుగా నువ్వు ఆ ఆగే చోటుని చక్రం మీద ఒక దగ్గర్నుంచి ఇంకో దగ్గరికి జరుపుతున్నావు, అంతే, దాన్ని తీసేయలేదు, తీసేయడం కుదరదు.

ఎందుకు కుదరదంటే, మాగ్నెట్ ఇచ్చేది చేబదులు. దగ్గరికి వచ్చేటప్పుడు లాగి ఎంత ఇస్తుందో, దూరం వెళ్ళేటప్పుడు వెనక్కి పట్టుకుని సరిగ్గా అంతా తీసేసుకుంటుంది, పైసా ఎక్కువా ఉండదు తక్కువా ఉండదు, నువ్వు యాంగిల్ మార్చినా, షీల్డింగ్ కోసం ఇనుప రేకు అడ్డం పెట్టినా, చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగి మొదలైన చోటికి వచ్చేసరికి లెక్క సున్నా. ఆ సున్నాలోంచి బేరింగ్ రాపిడి, గాలి కోసుకుపోయేటప్పుడు అయ్యే నష్టం తీసేయాలి. మరి అది ఎక్కడి నుంచి తిరుగుతుంది? ఇంట్లో ఉయ్యాల ఉంటే చూడు, పిల్లోణ్ణి వెనక్కి లాగి వదిలితే ముందుకి పోయేటప్పుడు ఎంత జోరు ఉంటుంది, ఆ జోరంతా నువ్వు లాగి ఎత్తు పెట్టినప్పుడు నువ్విచ్చిందే, భూమి ఊరికే ఇచ్చింది కాదు, అందుకే ఎవరూ తోయకపోతే కాసేపటికి ఆగుతుంది. మాగ్నెట్ లాగుడు కూడా భూమి లాగుడు లాంటిదే, బలం ఉంటుంది కానీ అది ఖర్చు పెట్టే సరుకు కాదు.

మరి మాగ్నెట్ లోపల పవర్ దాగుంది కదా అంటావేమో, ఆ లెక్క కూడా చూద్దాం. నువ్వు కొన్నవి నియోడిమియం అయ్యుంటాయి, మార్కెట్లో దొరికే వాటిలో గట్టివి ఎన్52 రకం. ఒక కేజీ ఎన్52 మాగ్నెట్ తీసుకుంటే, దాని ఫీల్డ్ ద్వారా బయటికి పని చేయించగల శక్తి మహా అయితే ఓ యాభై జౌల్స్ లెక్క తేలుతుంది. అంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఐదారు సెకన్లు. ఒక యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌల్స్. ఒకవేళ ఏదో మాయ చేసి మాగ్నెట్లోంచి ఆ శక్తిని పిండేసినా కేజీ మాగ్నెట్‌కి ఆరు సెకన్ల వెలుగు, ఆ తర్వాత అది ఉత్త ఇనుప ముక్క. ఈ లెక్క ఏ వీడియోలోనూ చెప్పరు, నీకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ లక్షా నలభై వేలు నీ షాపులోనే ఉండేవి.

ఇక రెండోది, మోటారు బెల్టు ఆల్టర్నేటర్. దీనికి నా మాట నమ్మక్కర్లేదు, నీ బల్ల మీదే ఒక పని చేయి. ఈ మధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ల హబ్ మోటార్లు రిపేరుకి వస్తున్నాయి కదా, లేదంటే పాత బీఎల్‌డీసీ ఫ్యాన్ మోటారైనా పర్లేదు, లోపల మాగ్నెట్లు ఉన్నది ఏదైనా సరే. మూడు వైర్లు విడివిడిగా వదిలేసి చేత్తో తిప్పు, హాయిగా తిరుగుద్ది. ఇప్పుడు ఆ మూడు వైర్లూ కలిపి మెలేసి మళ్ళీ తిప్పు. బురదలో కాలు దిగబడ్డట్టు ఉంటుంది, గట్టిగా తిప్పేకొద్దీ గట్టిగా పట్టేస్తుంది. వైర్లు విప్పు, మళ్ళీ వదులు. మోటారు అదే, మాగ్నెట్లు అవే, బేరింగ్ అదే, మారింది ఒక్కటే, కాయిల్లో కరెంటు పారుతోంది. ఆ కరెంటు పుట్టాలంటే నీ చెయ్యి బరువు మోయాలి, కరెంటు ఎంత తీస్తే చెయ్యి అంత మోయాలి. ఫారడే 1831లో మాగ్నెట్ కదిలిస్తే కాయిల్లో కరెంటు పుడుతుందని చూపించాడు, మూడేళ్ళకి 1834లో లెంజ్ ఈ రెండో సగం చెప్పాడు, పుట్టిన కరెంటు తనని పుట్టించిన కదలికకే ఎదురు తిరుగుతుంది అని. వీడియోలవాళ్ళందరూ ఫారడే పేరు చెప్తారు, లెంజ్ దగ్గరికి మాత్రం రారు.

చిన్నప్పుడు సైకిల్ డైనమో వాడావో లేదో, మా రోజుల్లో ఉండేది, వెనక టైరుకి ఆనించే చిన్న సీసా లాంటిది, దీపం వెలగాలంటే దాన్ని టైరు మీదకి వాల్చాలి, వాల్చగానే పెడల్ బరువెక్కేది, రాత్రిపూట ఎదురుగాలిలో ఊరికి పోయేటప్పుడు దీపం ఆపేసి చీకట్లో తొక్కేవాళ్ళం ఆ బరువు మోయలేక. మూడు వాట్ల దీపం అది! మూడు వాట్లకే అంత బరువు తెలిసేది. ఫంక్షన్ హాల్లో డీజిల్ జనరేటర్ కూడా చూడు, ఏసీలు వేసేసరికి ఒక్కసారి మూలిగినట్టు సౌండ్ మారిపోద్ది, ఆ మూలుగు ఏంటనుకుంటున్నావు, లోడ్ పడగానే షాఫ్ట్ బరువెక్కి ఇంజను ఇంకా డీజిల్ మింగడం.

ఇప్పుడు నీ సెట్టు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు షాఫ్ట్ మీద. అంత రావాలంటే చిన్న సింగిల్ ఫేజ్ మోటారు లైన్లోంచి వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, మిగతాది వేడి, నువ్వే రోజూ చేత్తో ముట్టుకుని చూసే వేడి. బెల్టులో కొంత పోద్ది, ఆల్టర్నేటర్లో ఇంకాస్త వేడై పోద్ది, చివరికి చేతికొచ్చేది ఐదారు వందలు. వెయ్యి పెట్టి ఆరొందలు తీసి, ఆ ఆరొందలతో మళ్ళీ వెయ్యి లాగే మోటారుని తిప్పాలంటే ఎట్లా? ఆల్టర్నేటర్ పెద్దది పెడితే, 5 కేవీఏది పెడితే అంటారు వాళ్ళు. ప్లేట్ మీద 5 కేవీఏ అని ఉందంటే షాఫ్ట్ మీద అంత బలం ఇస్తే అంత ఇవ్వగలదు అని అర్థం తమ్ముడూ, అదేం ఊట కాదు. ఇంట్లో పెద్ద గోళెం తెచ్చిపెట్టినంత మాత్రాన బోర్లో నీళ్ళు పెరగవు.

ఫ్లైవీల్ సంగతి వేరే చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. ఇరవై కేజీల ఇనుప చక్రం, అర మీటరు అడ్డం, 1500 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే అందులో దాదాపు 7,700 జౌల్స్ ఉంటాయి. అంటే మెయిన్ స్విచ్ కట్టేశాక కూడా 100 వాట్ల బల్బుకి ఒక నిమిషం పైచిలుకు సరిపోయేంత సరుకు. వీడియోలో ప్లగ్ పీకేసి బల్బు వెలుగుతూనే ఉందని చూపించేది ఆ నిమిషమే, తర్వాత కెమెరా కట్ అవుద్ది. ఆ నిమిషం కరెంటు కూడా అంతకు ముందు లైన్లోంచి నింపిందే. బ్యాటరీ పెట్టిన వీడియోల్లో ఇంకా సులువు, 150 ఏహెచ్ బ్యాటరీ నిండా ఛార్జ్ ఉంటే 9 వాట్ల బల్బు లెక్కకి ఎనిమిది రోజులు వెలుగుతుంది, వీడియో ఎంతసేపు ఉంటుంది, పది నిమిషాలు. ఇంకో మాయ ఉంది, లోడ్ తీసేసి బ్యాటరీని కాసేపు వదిలేస్తే ఓల్టేజ్ దానంతటదే కొంచెం పైకి లేస్తుంది, నీకూ తెలుసు ఆ సంగతి, దాన్నే చూపించి బ్యాటరీ తిరిగి ఛార్జ్ అవుతోంది అంటారు. ఓల్టేజ్ చూపిస్తారు కానీ లోడ్ మీద టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) పెట్టి ఆంపియర్లు చూపించరు, గమనించావా?

మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, అవి రివర్సిబుల్, అంటే కిందికి నీళ్ళు వదిలి కరెంటు తీయొచ్చు, కరెంటిచ్చి అదే మెషీన్‌తో నీళ్ళు వెనక్కి పైకి ఎక్కించొచ్చు. నాగార్జునసాగర్లో కూడా అలాంటివి ఉన్నాయి. సరిగ్గా నువ్వు కలగన్న చక్రమే అది, వచ్చిన కరెంటుతో నీళ్ళు ఎక్కించు, ఎక్కిన నీళ్ళతో కరెంటు తీయి, మళ్ళీ ఎక్కించు. మరి దాన్ని ఎందుకు తిప్పుతూ కూర్చోవట్లేదు? ఎందుకంటే ఇలాంటి చోట సుమారు నాలుగు యూనిట్లు పెట్టి ఎక్కిస్తే తిరిగొచ్చేది మూడే. వాడకం లేనప్పుడు మిగిలిపోయే కరెంటుతో ఎక్కించి, అందరూ వాడే టైమ్‌లో తీసుకోవడానికి పనికొస్తుంది, దాచుకోవడానికే గానీ పుట్టించడానికి కాదు. వేల కోట్లు పెట్టి, దేశంలో గట్టి ఇంజనీర్లు కూర్చుని చేస్తేనే ఒక యూనిట్ పోతోంది.

పెద్ద కంపెనీలు తొక్కిపెట్టాయి అన్నావంట. తొక్కిపెట్టే అవసరం ఎవరికి ఉంటుంది చెప్పు, మన జెన్‌కోలు బొగ్గు కోసం రైల్వే ర్యాకుల వెంట పడుతుంటాయి, బొగ్గు లేని కరెంటు దొరికితే ముందు ఎగిరి గంతేసేది వాళ్ళే. 1977లో వదిలిన వాయేజర్ స్పేస్‌క్రాఫ్ట్‌లో మొదట్లో 470 వాట్లు ఉండేది, ప్లుటోనియం వేడి నుంచి తీస్తారు, ఏడాదికి నాలుగు వాట్ల లెక్కన తగ్గుతూ వస్తోంది, పవర్ సరిపోక నాసావాళ్ళు ఒక్కో పరికరం ఆఫ్ చేసుకుంటూ వస్తున్నారు. మాగ్నెట్లతో కరెంటు వచ్చేదుంటే వాళ్ళకా దొరకనిది?

భాస్కరాచార్యుడి మాట కూడా తీశావు కాబట్టి, అది నిజమే, 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో పాదరసం సగం నింపిన బోలు ఆకులు, అంటే ఇరుసు నుంచి అంచుకి పోయే కడ్డీలు, ఉన్న చక్రం గురించి ఉంది, ఆయనకంటే చాలా ముందు బ్రహ్మగుప్తుడు కూడా అలాంటిది రాశాడు. కానీ రాయడం వేరు, అది తిరగడం వేరు. ఒక వైపు పాదరసం అంచుకి జరిగి బరువు ఎక్కువ లాగుద్ది నిజమే, అయితే రెండో వైపు ఇరుసుకి దగ్గరగా ఎక్కువ పాదరసం ఉంటుంది, రెండూ సరిసమానమై చక్రం నిలబడిపోద్ది, నీ ప్లైవుడ్ చక్రం లాగే. ఆ ఒక్క చక్రం తిరగలేదని ఆయన గొప్పతనానికి లోటేమీ లేదు, చక్రవాళం అనే లెక్కల పద్ధతిని ఆయన తీర్చిదిద్దిన తీరు గణితం చదివినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. మాగ్నెట్ చక్రం బొమ్మ కూడా పాతదే, యూరప్‌లో పీటర్ పెరిగ్రినస్ అనే ఆయన 1269లోనే గీశాడు. ఏడొందల యాభై ఏళ్ళ నుంచి ఎందరో తెలివైనవాళ్ళు అదే చోట ఆగారు. విసుగొచ్చి పారిస్ సైన్స్ అకాడమీ 1775లో, ఆగకుండా తిరిగే యంత్రాల మీద ఇక అర్జీలు తీసుకోం అని తీర్మానం చేసేసింది. మన పేటెంట్ చట్టం 1970 సెక్షన్ 3(ఎ) కూడా అంతే, ప్రకృతి సూత్రాలకి పచ్చిగా విరుద్ధమైన దానికి పేటెంట్ ఇవ్వరు. ఆ కిట్ అతను పేటెంట్ ఉందన్నాడా? నంబర్ అడుగు.

డబ్బు వసూలు చేసే పద్ధతి కూడా పాతదే. అమెరికాలో ఫిలడెల్ఫియాలో జాన్ కీలీ అని ఒకతను 1872 నుంచి 1898లో చనిపోయేదాకా కొత్త శక్తి కనిపెట్టానని షేర్లు అమ్మి బతికాడు, పోయాక ఇంటి నేల కింద పెద్ద ఇనుప గోళం, గోడల్లో దాచిన గొట్టాలు బయటపడ్డాయి, లోపల గాలిని ప్రెషర్‌తో నొక్కి పెట్టి మెషీన్లు తిప్పాడని తేలింది. ఐర్లాండ్‌లో స్టియోర్న్ అనే కంపెనీ 2006లో ది ఎకనామిస్ట్ పత్రికలో పేజీ యాడ్ ఇచ్చి మాగ్నెట్లతో ఉచిత శక్తి అంది, 2007లో లండన్‌లో జనానికి చూపిస్తామని చెప్పి లైట్ల వేడికి మెషీన్ పాడైంది అన్నారు, వాళ్ళే పిలిచిన నిపుణుల జ్యూరీ 2009లో ఇందులో శక్తి పుట్టినట్టు ఏమీ చూపించలేదు అని తేల్చేసింది. కొంతకాలానికి కంపెనీ మూతపడింది. మన పక్కనే తమిళనాడులో 1996లో మూలికలతో పెట్రోల్ అని దేశమంతా మోగిపోయింది, చివరికి అదీ మోసమని తేలింది.

నేను దగ్గర్నుంచి చూసింది ఒకటి చెప్తాను. ఒక పెద్దాయన, రైతు, ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని మా లాబ్‌కి మెషీన్ తెచ్చాడు, నీ రెండో సెట్టు లాంటిదే, పని చూస్తే ముచ్చటేసింది, పుల్లీలు ఎంత లైన్‌లో కూర్చోబెట్టాడంటే బెల్టు చప్పుడు కూడా లేదు. నేనేం వాదించలేదు. మోటారు వైపు ఒక మీటర్, ఆల్టర్నేటర్ వైపు ఒక మీటర్ పెట్టి, బల్బుల బోర్డు లోడ్ ఇచ్చి, ఆయన్నే చదవమన్నాను. లోపలికి 1,120 వాట్లు, బయటికి 590. మీటర్లు అటూ ఇటూ మార్చమన్నాడు, మార్చాను, అదే. మూడోసారి కూడా ఆయనే చదివి, కండువా తీసి మొహం తుడుచుకుని స్టూల్ మీద కూర్చుండిపోయాడు. అరెకరం అమ్మేశాను సార్ అన్నాడు. నేను టీ తెప్పించాను గానీ ఇద్దరం తాగలేదు. నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది, అరెకరం అమ్మకముందు ఈ రెండు మీటర్లు ఎవరైనా పెట్టి ఉంటే అని. నీ విషయంలో ఇంకా అమ్మలేదు, పెట్టలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నువ్వు కూడా అదే చేయి. ముందే ఒక కాగితం మీద ఎంత వస్తే గెలిచినట్టు, ఎంత వస్తే ఓడినట్టు రాసి సంతకం పెట్టు, మీ ఆవిడని కూడా పెట్టమను. తర్వాత వాట్లు చూపించే చిన్న డిజిటల్ మీటర్లు రెండు కొను, కొన్ని వందల్లో వస్తాయి, ఓల్ట్‌ని ఆంపియర్‌తో గుణిస్తే చాలదు, మోటారు లోడ్‌లో పవర్ ఫ్యాక్టర్ వల్ల ఆ లెక్క తప్పుతుంది. లోడ్‌గా 100 వాట్ల ఫిలమెంట్ బల్బులే పెట్టు. చక్రానికైతే పరీక్ష ఇంకా సులువు, వాకిట్లో చెక్క స్టూల్ మీద పెట్టి, ఏ వైరూ బ్యాటరీ లేకుండా చేత్తో ఒకసారి తిప్పి వదిలేసి రోజంతా చూడు. ఒక్క రోజు. కిట్ అమ్మే అతనికి కూడా ఇదే చెప్పు, మా ఇంటికి తెచ్చి, కనెక్షన్ లేని గదిలో పెట్టి, 1000 వాట్ల లోడ్ మీద మూడు రోజులు తిప్పి చూపించు, నాలుగో రోజు పూర్తి డబ్బు చేతిలో పెడతా అని. నిజంగా మెషీన్ ఉన్నవాడికి అందులో నష్టం ఏముంది? రాను, అడ్వాన్స్ కడితేనే డెమో, కంపెనీ రహస్యం, అంటే నీకు జవాబు వచ్చేసినట్టే.

జాగ్రత్తలు రెండు మూడు. ఈ ప్రయోగాల కరెంటుని ఇంటి వైరింగ్‌లోకి ప్లగ్ ద్వారా ఎక్కించొద్దు, ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఎక్కిస్తే అది లైన్‌లోకి వెనక్కి పారుద్ది, కరెంటు పోయిందని స్తంభం ఎక్కిన లైన్‌మెన్ ప్రాణం మీదకొస్తుంది. అంటించిన మాగ్నెట్ల చక్రాన్ని స్పీడుగా తిప్పినప్పుడు ఒక్కటి ఊడినా బుల్లెట్ లాగే వస్తుంది. పిల్లలున్న ఇంట్లో చిన్న మాగ్నెట్లు నేల మీద వదలొద్దు, ఒకటికి రెండు మింగితే కడుపులో పేగు మధ్యలో పెట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆపరేషన్ దాకా పోద్ది, మింగారని అనుమానం వచ్చినా సరే వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

ఇక నీ చేతిలో ఉన్న మాగ్నెట్లు, రాగి తీగ వృథా పోవు. ఇంట్లో చేసుకునే మాగ్నెట్ జనరేటర్ అనేది నిజంగా ఉంది తమ్ముడూ, కాకపోతే దాన్ని తిప్పేది గాలి. స్కాట్లండ్‌లో హ్యూ పిగ్గట్ అనే ఆయన దశాబ్దాలుగా చేస్తున్నాడు, రెండు ఇనుప డిస్కుల మీద నియోడిమియం మాగ్నెట్లు, మధ్యలో రెజిన్‌లో పోతపోసిన కాయిల్స్, చెక్కతో చెక్కిన రెక్కలు, ఆ డిజైన్ చూసి చాలా దేశాల్లో మామూలు మనుషులు సొంతంగా చేసుకున్నారు. మీ ఊళ్ళో గాలి అంత నిలకడగా ఉంటుందో లేదో ముందు చూసుకోవాలి, ఇంటి కప్పుల మధ్య పెడితే పెద్దగా రాదు. డబ్బు వచ్చే దారి మాత్రం వేరే ఉంది. బీఎల్‌డీసీ ఫ్యాన్లు మామూలు 75 వాట్ల ఫ్యాన్ చేసే పని ముప్పై వాట్లకే చేస్తున్నాయి, ఎలక్ట్రిక్ ఆటోలు ఊళ్ళలోకి వచ్చేశాయి, వీటన్నిటి లోపలా మాగ్నెట్లే, రోటరే, వైండింగే, రిపేరు చేసేవాళ్ళు మాత్రం టౌన్లో కూడా తక్కువ. ఏడాదిన్నర నువ్వు మాగ్నెట్లతో కుస్తీ పట్టి నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది. ఇంటి కరెంటు బిల్లే బాధైతే సోలార్ ఉంది, ఒక కిలోవాట్‌కి ఎండ బాగున్న రోజు నాలుగు యూనిట్లు వస్తాయి, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ పెట్టారు, ప్రస్తుతం రూల్స్ ఎట్లా ఉన్నాయో మీ డిస్కం ఆఫీసులో అడిగి చూడు.

మళ్ళీ మీకమ్మా. ఆయన్ని పిచ్చి అని అనకండి, నలుగురిలో అసలే అనకండి, పుట్టింటివాళ్ళ ముందు ఈ మాట తేవద్దు. పరీక్ష రోజు మీరు పక్కన ఉండండి, పిల్లల్ని కూడా ఉండనివ్వండి, మీటర్ మీరు చదవొద్దు, ఆయన్నే చదవనివ్వండి. రీడింగ్ చూశాక ఆయన మాట్లాడకపోతే మీరూ ఏం మాట్లాడకండి, ఆ రోజు లక్షా నలభై వేల సంగతి ఎత్తొద్దు, అన్నం పెట్టండి చాలు. లాకర్ తాళం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, కోప్పడినా సరే, పరీక్ష అయ్యాక మాట్లాడదాం అని ఒక్క మాట చెప్పండి. కేకలు దాటి చెయ్యి చేసుకోవడం దాకా వస్తే అది మాగ్నెట్ల విషయం కాదు, వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

తమ్ముడూ, ఆ రెండు మీటర్ల రీడింగులు, మోటారు వైపు ఎంత, ఆల్టర్నేటర్ వైపు ఎంత, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు, ఎంత వచ్చినా సరే. కాయిల్ ఎన్ని చుట్లు, ఏ గేజ్ వైరు వేశావో కూడా రాయి, బీఎల్‌డీసీ వైండింగ్ డేటా నా దగ్గర కొంత ఉంది, నీకు పంపుతా.